దిగుడు దారి

1986 ఏప్రిల్ 13, ఆదివారం

స్కాట్లండ్ మ్యాపులు వచ్చాయి. ఇక్కడ, న్యూయార్క్ దగ్గర, మా ఆవిడ ప్రమోద పనిచేసే హాస్పిటల్లో మోరాగ్ అని ఒక నర్సు ఉంది. ఆపరేషన్ థియేటర్లో ప్రమోద మత్తు ఇస్తుంటే పక్కన నిలబడే మనిషి. పుట్టింది స్కాట్లండ్‌లో. ప్రతి సెప్టెంబరూ అన్నయ్య ఇంటికి వెళ్ళి, కొండలన్నీ ఎక్కి వస్తుంది. ఈ ఏడు మమ్మల్నీ రమ్మంది. ప్రమోద నన్ను అడక్కుండానే సరే అనేసింది. టికెట్లు కూడా బుక్ చేసేసింది. ఎందుకంత తొందరో అర్థం కాలేదు.

రూట్లు ఎంచే పని నాది. స్ట్రక్చరల్ ఇంజనీర్ని కాబట్టి గీతలు చదవడం వచ్చునని ఆమె నమ్మకం. నిజమే, వచ్చు. కానీ నేను చదివే గీతల్లో బీమ్ ఒకచోట పెడితే అక్కడే ఉంటుంది. మనిషి అలా ఉండదు.

కిచెన్ టేబుల్ మీద పరిచాను. ఎత్తు చూపే గీతలు ఒకదాన్నొకటి ఆనుకున్నచోట నిటారు. ఎడంగా ఉన్నచోట చదును. నల్లగా పళ్ళు పళ్ళుగా గీసినచోట రాతి అంచు, దాని కింద ఏమీ లేదు. ఆ అంచులన్నిటికీ ఎర్ర పెన్సిల్‌తో సున్నాలు చుట్టాను. రేణు వచ్చి చూసి, "డాడీ, అంతా రెడ్డే ఉంది. మనం ఎక్కడ వెళ్తాం?" అంది. పన్నెండేళ్ళ పిల్ల అడగాల్సిన ప్రశ్నే.

ఏప్రిల్ 20, ఆదివారం

మోరాగ్ అన్నయ్య దగ్గర లావు టైర్ల సైకిళ్ళున్నాయట. మౌంటెన్ బైక్ అంటారు. అడవిలో సైకిల్ మీద వెళ్ళి, కొండ మొదట్లో దాన్ని వదిలేసి, అక్కణ్ణించి నడిచి ఎక్కాలట. ప్రమోద ఇక్కడ ప్రాక్టీసుకని ఒకటి కొనేసింది. కాకినాడలో కాలేజీ రోజుల తర్వాత నేను సైకిల్ ఎక్కలేదు. ఆమె అసలు ఎప్పుడూ ఎక్కలేదు. రెండు వారాల్లో నేర్చేసుకుంది. ఈరోజు కాలవ గట్టు మీద రేణుకన్నా ముందు వెళ్ళిపోయింది. వెనక పరిగెడుతూ నేను, "బ్రేక్! బ్రేక్!" అంటూ.

ఏప్రిల్ 26

రూట్ దొరికింది. పైన్ చెట్ల మధ్య బండిబాట, సైకిల్ మీద మూడు మైళ్ళు. ఒక పాత రాతి గుడిసె. అక్కణ్ణించి కాలిబాట, ఒక గుండ్రటి కొండ. ఎర్ర సున్నా ఒక్కటీ లేదు.

కొండ పేరు నోరు తిరగలేదు. మోరాగ్‌కి ఫోన్ చేస్తే "మీల్ ఎ వూహిల్" లాంటిదేదో అంది. వాళ్ళ భాషలో గొర్రెల కాపరి కొండ అని అర్థమట. ప్రమోద గట్టిగా నవ్వింది. "గొల్లకొండ! మన గోల్కొండేనండీ!" అని. ఇంట్లో అందరం అలాగే అంటున్నాం. మ్యాపులొచ్చాక మొదటిసారి భోజనం రుచిగా అనిపించింది.

మే 4, ఆదివారం

మా ఊరి పక్కనున్న వాచుంగ్ కొండల మీద నడిచాం. చిన్నవే. ఎక్కేటప్పుడు బాగానే ఉంది. దిగేటప్పుడు ప్రమోద ఎడమ బూటు మొన రాయికి తగిలింది. కాసేపటికి మళ్ళీ. మూడోసారి ముందుకు తూలి చెట్టు పట్టుకుంది. కొత్త బూట్లండీ, అంది.

బూట్లు కొని నాలుగు నెలలైంది.

మే 13

రేణు అడిగింది, మమ్మీ మెట్లు దిగేటప్పుడు వాల్ ఎందుకు పట్టుకుంటుంది అని. నాకు తెలీదన్నాను. తర్వాత నుంచి చూస్తున్నాను. నిజమే, గోడ పట్టుకుంటోంది.

మే 16

ప్రమోద సింకు దగ్గర ముఖం కడుక్కుంటూ కళ్ళు మూసుకుని పక్కకి ఒరిగిపోయింది. అద్దం అంచు పట్టుకుని నిలబడింది. నేను చూశానని ఆమెకి తెలుసు. ఏమైంది అన్నాను. డ్యూటీలు ఎక్కువయ్యాయి అంది. ఒకసారి చూపించుకోకూడదా అన్నాను. డాక్టర్‌కి నువ్వు డాక్టర్ దగ్గరికి వెళ్ళు అని చెప్పడమంటే హనుమంతుడి ముందు కుప్పిగంతులే. ఆమె టవల్‌తో ముఖం తుడుచుకుంటూ చాలాసేపు టవల్ తీయలేదు.

ఆఫీస్‌కి వెళ్తూ ట్రెయిన్లో అనుకున్నాను. బ్రెయిన్‌లో ఏదైనా ఉంటే? ఆ ఆలోచన న్యూయార్క్ దాకా నాతోనే వచ్చింది. సాయంత్రం నాతోనే తిరిగొచ్చింది.

మే 25, ఆదివారం

రాళ్ళు లేని దారులు వెతుకుతున్నాను. ఈ వారం సరస్సు చుట్టూ. పోయిన వారం పాత రైలు కట్ట మీద. అక్కడ కాలు ఎత్తి వేయాల్సిన పనే లేదు. ప్రమోద కారు దిగి చుట్టూ చూసి, "ఇది కొండా, పార్కింగ్ లాటా?" అంది.

కొండదారి రిపేరులో ఉంది, మూసేశారు అన్నాను. నమ్మలేదు.

జూన్ 8, ఆదివారం

దొరికిపోయాను. సెప్టెంబరు మ్యాపు మీద గొల్లకొండ దారి రబ్బరుతో చెరిపేసి, కింద సరస్సు చుట్టూ కొత్త గీత గీశాను. ఆమె చూసింది.

ఇంత కోపం నేను ఎప్పుడూ చూడలేదు. అరవలేదు. అరిస్తే బాగుండేది. "మీరు నన్ను కూర్చోబెట్టేశారు," అంది. "ఇప్పటినుంచే కూర్చోబెట్టేశారు." మ్యాపు మడిచి తీసుకుపోయింది. వచ్చే ఆదివారం డెలవేర్ గ్యాప్ దగ్గర మౌంట్ టామనీ ఎక్కుదాం, చెట్ల మీద ఎర్ర చుక్కలు వేసిన దారిలోనే, అంది. అది ఇక్కడ అన్నిటికన్నా నిటారు దారి. అంతా బండరాళ్ళే.

ఇప్పటినుంచే అంటే?

జూన్ 14

వద్దని చెప్పాలి. ఎలా చెప్పాలో తెలీటం లేదు. రేణుని రేపటికి పక్కింటి రాధారాణి గారింట్లో దింపుతున్నాం. ఫస్ట్ ఎయిడ్ బాక్స్ బ్యాగ్‌లో పెట్టాను.

జూన్ 15, ఆదివారం

రాయాలి.

ఎక్కడం బాగానే ఎక్కింది ప్రమోద. నాకే ఆయాసం. ఆమె కింద చూసుకుంటూ, ఒక్కొక్క అడుగూ కంటితో కొలిచి పెట్టింది. పైన ఒక బండ మీద కూర్చుని పెరుగన్నం తిన్నాం. కింద నది, అవతల ఇంకో కొండ. ఆమె ముఖంలో అంత సంతోషం. నేనే అనవసరంగా హడిలిపోయానేమో అనుకున్నాను. నీలం చుక్కల దారిలో దిగుదాం, అది వాలు తక్కువ అన్నాను. వద్దు, ఎక్కిన దారినే, అంది.

సగం దిగామో లేదో నది మీంచి పొగమంచు లేచింది. మొదట చెట్ల మొదళ్ళు, తర్వాత మా మోకాళ్ళు, తర్వాత అంతా తెలుపే. నేను ముందున్నాను. వెనక ఆమె పడిన చప్పుడు వినిపించింది. మనిషి కనిపించలేదు.

ప్రమోదా అని అరిచాను. మళ్ళీ అరిచాను. "ఇక్కడ," అంది, నేననుకున్న వైపు కాకుండా పక్కనుంచి. దారి తప్పి రెండు బండల మధ్య పడి ఉంది. గడ్డం చీరుకుపోయింది. మణికట్టు వాచిపోతోంది. లేపి నిలబెట్టాను. నిలబడలేకపోయింది. కాలు విరగలేదు. నిలబడటమే రాలేదు.

"నా పాదాలు కనిపించటం లేదండీ," అంది. కనిపించకపోతే ఏం, అవి ఉన్నాయి కదా అన్నాను. అప్పుడు ఏడ్చింది. "చూస్తేనే తెలుస్తుంది నాకు. చూడకపోతే అవి ఎక్కడున్నాయో తెలీదు."

నా బ్యాగ్ పట్టీ ఆమె వాపు లేని చేతికిచ్చాను. ముందు నేను, పట్టీ పట్టుకుని వెనక ఆమె. మెట్టు. వేరు. ఇక్కడ బురద. ఎడమ కాలు ఇంకొంచెం కిందకి. ఇంకొంచెం. ఆ, అదే. అలా చెప్పుకుంటూ దిగాను. ఎంతసేపో తెలీదు. గొంతు పోయింది. హైవే మీద ట్రక్కుల మోత వినపడేదాకా నేను నమ్మలేదు, దిగుతామని.

కార్లో చెప్పింది. జనవరి నుంచే తిమ్మిర్లట. హాస్పిటల్ లైబ్రరీలో కూర్చుని అన్నీ చదివిందట. మల్టిపుల్ స్క్లెరోసిస్, నరాలని తినేసే ఎం.ఎస్. జబ్బు, అని తనకి తనే తేల్చుకుంది. ఇవాళో రేపో వీల్‌చెయిర్. అందుకే పరీక్ష చేయించుకోలేదు. పేరు పెట్టేస్తే మోరాగ్ తీసుకెళ్ళదు, నేను వెళ్ళనివ్వను. ఒక్క కొండైనా ఎక్కేద్దామని తొందరపడింది.

ఐదు నెలలు. పక్కనే పడుకుని ఐదు నెలలు ఆ భయాన్ని ఒక్కతే మోసింది. నాది పేరు తెలియని భయం. ఆమెది పేరు తెలిసిన భయం. ఎవరిది పెద్దదో మేం ఇంకా మాట్లాడుకోలేదు. ఎమర్జెన్సీ రూంలో గడ్డానికి కుట్లు వేస్తుంటే నా చెయ్యి పట్టుకుంది. అంతే.

జూన్ 17

రేణుకి ఏం చెప్పాలి?

జూన్ 23, సోమవారం

న్యూరాలజిస్ట్ దగ్గరికి వెళ్ళాం. ఆయన ప్రమోదని పాదాలు దగ్గరగా పెట్టి నిలబడమన్నాడు. నిలబడింది. కళ్ళు మూసుకోమన్నాడు. ఊగింది, పడబోయింది, ఆయన పట్టుకున్నాడు. ఒక లోహపు ట్యూనింగ్ ఫోర్కుని మోగించి, కంపిస్తున్న దాన్ని కాలి బొటనవేలికి ఆనించాడు. తెలుస్తోందా? ఆమె లేదంది. చీలమండకి ఆనించాడు. లేదంది. మోకాలి దగ్గర ఆఁ అంది. అంతసేపూ ఆమె నావైపు చూడలేదు. నేను గోడ మీద క్యాలెండర్ చూస్తూ కూర్చున్నాను. ఏ నెలో ఇప్పుడు అడిగితే చెప్పలేను.

రక్తం తీశారు. న్యూయార్క్‌లో కొత్తగా వచ్చిన స్కానింగ్ మిషన్‌కి రాసిచ్చారు. నాలుక మంటగా ఉంటుందా అని ఆయన అడిగాడు. ఉంటుంది, ఆవకాయ వల్ల అనుకున్నానని ప్రమోద చెప్పింది. ఆవకాయంటే ఏమిటో చెప్పాల్సొచ్చింది.

జూన్ 25

ఫోన్ మోగితే చాలు, రేణు కూడా ఉలిక్కిపడుతోంది.

జూన్ 27, శుక్రవారం

ఎం.ఎస్. కాదు. ట్యూమర్ కాదు.

బి-ట్వెల్వ్. విటమిన్. ఆమె కడుపు దాన్ని పీల్చుకోవడం మానేసింది. అది లేక వెన్నుపాములో నరాలు ఎండిపోతున్నాయి. ఇంజెక్షన్లు ఇస్తే ఆగుతుందన్నాడు. కొంత తిరిగొస్తుంది. ఎంత తిరిగొస్తుందో చెప్పలేనన్నాడు. ఇంకో ఏడాది ఆలస్యమైతే ఈ మాట కూడా చెప్పేవాణ్ణి కాదన్నాడు.

నేను ఆ డాక్టర్ని కావలించుకోబోయి ఆగాను. ప్రమోద కదల్లేదు. లిఫ్ట్‌లో అంది. "గుంటూరు మెడికల్ కాలేజీలో ఫైనలియర్‌లో ఇదే క్వశ్చన్ వచ్చిందండీ నాకు. పది మార్కులు. పేజీలు పేజీలు రాశాను." నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. లిఫ్ట్ కిందకి వచ్చి తలుపులు తెరుచుకుని మళ్ళీ మూసుకున్నాయి. మేం దిగలేదు.

ఆగస్టు 10, ఆదివారం

ఇంజెక్షన్లు ఆమే వేసుకుంటోంది. సైకిల్ గరాజ్‌లో ఉంది. వారం వారం ఫోర్కు ఆనించి చూస్తున్నాను. హాస్పిటల్ నుంచి ఒకటి తెచ్చింది. ఈరోజు చీలమండ దగ్గర, "ఆగండి. మళ్ళీ పెట్టండి," అంది. మళ్ళీ పెట్టాను. ఏదో సన్నగా ఉందంది. నిజంగా ఉందో, ఉండాలని అనుకుంటోందో. నాకోసం అబద్ధం చెబుతోందో.

సెప్టెంబరు 6

మోరాగ్ ఒక్కతే స్కాట్లండ్ వెళ్ళింది. ఎయిర్‌పోర్ట్‌కి నేనే దింపాను. వచ్చే ఏడు, అంది. నేను తల ఊపాను. ఇంటికొస్తే ప్రమోద గుమ్మం ముందు రేణు భుజం పట్టుకోకుండా మెట్లు ఎక్కుతూ, దిగుతూ ఉంది. దిగేటప్పుడు ఇంకా కిందకే చూస్తోంది. నేను కారులోంచి దిగకుండా కూర్చున్నాను, ఆమె లోపలికి వెళ్ళేదాకా.

1987 మే 3, ఆదివారం

వాచుంగ్. రేణుని ఫ్రెండ్ ఇంట్లో రాత్రి పడుకునే స్లీపోవర్‌కి పంపాలని ఆమె, పంపకూడదని నేను. కొండ పైనుంచి కింద దాకా పోట్లాడుకుంటూనే దిగాం. నాకన్నా ముందు ఆమె, వెనక్కి తిరిగి తిరిగి నన్ను కేకలేస్తూ. కారు తాళం తీస్తుంటే తట్టింది. దారంతా ఆమె కాళ్ళకేసి నేను ఒక్కసారీ చూడలేదు.