కార్డు పోలేదు

జూన్ 9, సోమవారం

లాప్‌టాప్‌లో వైఫై రావడం లేదు. నిన్నటిదాకా బాగానే ఉంది. గురువారం చెన్నై కంపెనీలో ఉద్యోగానికి ఆన్‌లైన్ టెస్టు. ఫోన్ కేబుల్‌తో నెట్ ఇద్దామంటే ఫోన్ పోర్టు పాడై చార్జింగ్ తప్ప ఇంకేమీ ఎక్కదు.

మా పెంచలమ్మక్క చూసింది. కావలిలో కంప్యూటర్ పాఠాలు చెబుతుంది. ఈ లాప్‌టాప్‌లో విండోస్ బదులు లినక్స్ వేసి నాకు నేర్పింది తనే. అమ్మ పోయాక నన్ను పెంచిందీ తనే.

"లోపల వైఫై కార్డు పోయుండాది వనజా" అంది.

జూన్ 10

కమాండ్ కొడితే కార్డు పేరు కనిపిస్తోంది. పోయిన కార్డుకు పేరెలా వస్తుంది? అక్కనడిగాను. పేరు చూపిస్తుంది గానీ పని చేయదంది. కొత్తది తెస్తానంది. నాకంటే తనకే తెలుసు కదా.

జూన్ 11

అక్క కార్డు కోసం కావలి అంతా తిరిగిందట. దొరకలేదట. తను పాఠాలు చెప్పే సెంటర్‌లో కూడా సిస్టమ్స్ ఖాళీ లేవట.

జూన్ 12, సాయంత్రం

టెస్టు అయిపోయింది. నేను రాయలేదు.

బోగోలు నెట్ సెంటర్‌కి పరిగెత్తాను. అక్కడ కెమెరా లేదు. కెమెరా లేకపోతే టెస్టు తెరుచుకోదు. ఇంటికొచ్చి అక్క ఒళ్ళో పడి ఏడ్చాను. తల నిమిరింది.

జూన్ 14

కాలేజీ ఫ్రెండ్ అనూషకి ఫోన్ చేశాను. కార్డును నడిపే ప్రోగ్రామ్, డ్రైవర్‌ని నువ్వే లోడ్ చేసి చూడమంది. మాడ్‌ప్రోబ్ అనే కమాండ్ కొట్టాను. వైఫై వచ్చేసింది.

మరి ఆన్ చేసినప్పుడు తనంతట తాను ఎందుకు రావడం లేదు? ఫైళ్ళు వెతికాను. ఒకదాంట్లో ఒకే లైను. బ్లాక్‌లిస్ట్, పక్కనే మా వైఫై డ్రైవర్ పేరు. అంటే దాన్ని లోడ్ చేయొద్దని. ఆ లైను చేర్చిన తేదీ పోయిన ఆదివారం, జూన్ 8. అలా చేర్చాలంటే పాస్‌వర్డ్ కావాలి. అది నాకూ అక్కకూ తప్ప ఎవరికీ తెలియదు.

లాప్‌టాప్ ఎత్తుకుని పెరట్లోకి వెళ్ళాను. అక్క చేపలు తోముతోంది. స్క్రీన్ చూసింది. అబద్ధమాడలేదు.

"నువ్వు చెన్నైకి పోతే నాకెవురుండారే?" అంది.

ఆ మాట నాతోనే అనొచ్చు కదా అన్నాను.

"అంటే ఆగేదానివా?"

ఏమో. ఆగేదాన్నేమో. నాకు ఆ సంగతి తేల్చుకునే వీలు కూడా లేకుండా చేసింది. పాడవని కార్డుకు బదులు కొత్తది కావాలని ఊరంతా తిరిగానని చెప్పింది. నేను ఏడుస్తుంటే ఓదార్చింది. ఆ ఓదార్పే నన్ను ఎక్కువ కాలుస్తోంది.

జూన్ 15

లైను తీసేశాను. పాస్‌వర్డ్ మార్చేశాను.

జూన్ 22

కంపెనీ నుంచి మెయిల్. మళ్ళీ అవకాశం ఇవ్వరట.

జూలై 3, నెల్లూరు

ఇల్లు వదిలి లేడీస్ హాస్టల్‌లో చేరాను. వేరే ఉద్యోగాలకు అప్లై చేస్తున్నాను.

అక్క రెండుసార్లు ఫోన్ చేసింది. ఎత్తలేదు. మూడోసారి చేస్తుందేమోనని ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చున్నాను.