అయిదో కమాను కింద పేరు

ఫిబ్రవరి 9, ఆదివారం

తమ్ముడికి, అన్నయ్య దీవించి రాస్తున్నది. మోకాళ్ళ నొప్పులు తప్పిస్తే నేనూ మీ వదినా బాగున్నాం. నువ్వూ, మరదలూ, పిల్లలూ చల్లగా ఉన్నారనుకుంటాను. ముప్పై నాలుగేళ్ళకి ఇప్పుడు ఉత్తరమేమిటని విసుక్కోకు. నాకు రాయడం అంతగా రాదని నీకు తెలుసు. చివరిదాకా చదువు.

మున్సిపల్ బడి పిల్లలు బస్టాండు గోడ పొడుగునా మన ఊరి కట్టడాల బొమ్మలు వేస్తున్నారు. నీళ్ళ ట్యాంకు, గడియారం మేడ, పాత కోర్టు, అన్నీ. మనం కట్టిన మార్కెట్టు కమానులు ఏడూ వేశారు. కట్టినవాళ్ళలో ఊళ్ళో మిగిలింది నేనొక్కణ్ణే కాబట్టి డ్రాయింగు టీచరమ్మ నన్ను పిలిపించింది. నిచ్చెన మీద చెయ్యి వేస్తే చాలు, దిగు తాతా, నువ్వు పడితే మా టీచర్ ఉద్యోగం ఊడుతుంది అని పిల్లలు ఒకటే గోల.

అయిదో కమాను తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె వేసింది. నడినెత్తిన పగులు, దానికి బిగించిన ఇనప పట్టీ, మేకులతో సహా దించేసింది. పక్కనున్నవాడు, ఆ పగులు వదిలెయ్యవే, ఊరి పరువు పోతుంది అన్నాడు. మార్కెట్టుకొచ్చేవాళ్ళకి కళ్ళు లేవా, నోరు మూసుకుని రంగు కలుపు అంది.

ప్రతి కమాను కిందా కట్టిన మేస్త్రీ పేరు రాస్తారట. రెండు, నాలుగు, అయిదు నువ్వు కట్టావు, తక్కినవి నేను. అదే చెప్పాను. ఆ పిల్ల రాసుకుని, ఈయన ఇలా పాడుచేశాడేం తాతా, తాగేవాడా అని అడిగింది. పనుందని చెప్పి ఇంటికొచ్చేశాను. ఆనాడు ఓవర్సీరు పదిమందిలో నిన్నన్న మాటా అదే. నువ్వు తాపీ అక్కడే పడేసి ఊరు వదిలి వెళ్ళిపోయావు. రేపు పొద్దున పేర్లు రాస్తారు. పగులు కింద నీ పేరు బస్సెక్కే ప్రతివాడూ చదువుతాడు.

వీలుంటే ఒకసారి రా. రాకపోయినా నాకు కోపం లేదు.

ఇట్లు,
నీ అన్నయ్య

తా.క. సోమవారం మధ్యాహ్నం. నిన్న ఈ ఉత్తరం డబ్బాలో వెయ్యలేకపోయాను. అసలు మాట రాయలేదు.

మనకి చెక్క చట్రం ఒకటే ఉండేది. దాని మీద కమాను కట్టి, సున్నం గట్టిపడ్డాక తీసి పక్కదానికి తిప్పేవాళ్ళం. నువ్వు మరదల్ని పుట్టింట్లో దింపడానికి వెళ్ళినప్పుడు, ఆరోది మొదలుపెట్టాలన్న తొందరలో అయిదో దాని కింద చట్రం నేను వదులు చేశాను. ఇరవై రోజులు ఉంచాల్సింది, తొమ్మిదో రోజునే. నడిమి రాయి టక్కుమని జారింది. భయమేసి మళ్ళీ బిగించి, సందులో సున్నం పూశాను. పన్నెండు రోజుల తర్వాత అందరి ముందూ నీ చేత్తో నువ్వే చట్రం తీశావు, కమాను నడినెత్తిన పగిలింది. నేను పక్కనే నిలబడి ఊరుకున్నాను. నీ పనిలో తప్పు లేదురా.

పొద్దున వెళ్ళి ఆ పిల్లకీ టీచరమ్మకీ చెప్పాను. కమాను కింద నీ పేరే ఉంది. పగులు పక్కన నా పేరు రాయించాను, సున్నం ఆరకముందే చట్రం తీసినవాడు అని. చిన్న అక్షరాల్లో రాయనా తాతా అంది ఆ పిల్ల. వద్దమ్మా, మిగతా పేర్లంత పెద్దగానే రాయి అన్నాను.