తిన్నాకే చెప్పాలి

మార్చి 3

గని కూలి రెండు రోజులైంది. లోపల పదకొండు మంది. వాళ్ల ఇళ్లవాళ్లందరినీ స్కూల్లో ఉంచారు. కౌన్సెలర్‌నని నాకు మూడో తరగతి గది, ఒక టీ ఫ్లాస్కు, ఒక ట్రే నిండా బన్నులు ఇచ్చారు. మా పెద్ద మేడమ్ ట్రైనింగ్ పది నిమిషాల్లో ముగించారు. చావు కబురు ఖాళీ కడుపుతో ఉన్నవాళ్లకు వినిపించకూడదట. ముందు పక్కన కూర్చుని, తిన్నారా అని అడగాలి. ఏదైనా తినిపించాలి. తిన్నాకే చెప్పాలి. ఇంతేనా కౌన్సెలింగ్ అని లోలోపల నవ్వుకున్నాను.

రెస్క్యూ టీమ్‌లో మా తమ్ముడున్నాడు. గేటు దగ్గర కనిపించి, నీకేం అక్కా, బన్నులు పంచే ఉద్యోగం అని ఎగతాళి చేశాడు. ముందు ఆ హెల్మెట్ బెల్టు సరిగ్గా పెట్టుకోరా అని కసిరాను.

మార్చి 4

మూడు శవాలు. మూడుసార్లు అడిగాను, తిన్నారా అని.

మార్చి 5, మధ్యాహ్నం

జనం కనిపెట్టేశారు. నేను గుమ్మంలో కనిపిస్తే చాలు, మాటలు ఆగిపోతున్నాయి. ఒకావిడ పిల్లల్ని లాక్కుని వరండాలోకి వెళ్లిపోయింది. ఒక పెద్దాయనైతే నేను నోరు తెరవకముందే, తిన్నాను తిన్నాను అంటూ చేతులు అడ్డం పెట్టాడు. ఆయనకు చెప్పాల్సిన కబురేమీ లేదు, టీ ఇద్దామని వెళ్లానంతే. నా మీద నాకే అసహ్యం వేసింది.

మార్చి 6

డ్రిల్లింగ్ ఆపరేటర్ తల్లికి బన్ను ఇచ్చాను. గోరంత గోరంత తుంచుకుని గంటసేపు తింది. ఆఫీసరు వాచీ చూసుకుంటూ నిలబడ్డాడు. తొందరపెట్టొద్దని సైగ చేశాను. చివరి ముక్క అరచేతిలో పెట్టుకుని ఆవిడ మెల్లగా అంది:

"ఇది మింగేదాకా నా కొడుకు ఉన్నట్టే కదమ్మా."

మార్చి 7

గని పైకప్పు మళ్లీ కదులుతోందట. తమ్ముడికి డబుల్ షిఫ్ట్. సెలవు పెట్టరా అని ఫోన్ చేస్తే విసుక్కున్నాడు. నీ పేషెంట్ల భయం నీకూ అంటుకుందన్నాడు. నిజమే, అంటుకుంది.

మార్చి 8, ఉదయం 10.40

నేల అదిరింది. కిటికీ అద్దాలు గలగలమన్నాయి. తమ్ముడి ఫోన్ స్విచాఫ్. లోపలికి దిగేముందు ఫోన్లు ఆపేస్తారు, అది రూలు. రూలే అయ్యుంటుంది.

11.30

పెద్ద మేడమ్ ఈ గదికి ఎప్పుడూ రారు. ఇప్పుడొచ్చి నా పక్కన చిన్నపిల్లల బెంచీ మీద కూర్చున్నారు.

"ఏమైనా తిన్నావామ్మా?" అన్నారు.

12.15

ఇంకా సగం బన్ను ఉంది.