మూడో అంతస్తులో కాన్పు

మే 14
కాన్పు ఎక్కడో తేల్చుకోమన్నారు. ఇంట్లోనా, మిడ్‌వైఫ్‌ని వెంటబెట్టుకుని హాస్పిటల్‌కి వెళ్లా, లేక పూర్తిగా డాక్టర్ చేతుల్లోనా. ఆఖరుది ఏదైనా తేడా ఉన్నవాళ్లకట. నాకు ఏ తేడా లేదు, బీపీ కూడా లేదు.

అత్తగారు ఫోన్ చేసి, ఆస్పత్రికి పోడానికి నీకేమన్నా రోగమా అంది. నలుగుర్నీ ఇంట్లోనే కన్నాను, ఒక్కడన్నా వంకరగా పుట్టాడా అని నిలదీసింది. ఆమె పెద్దకొడుకుని కట్టుకున్నది నేనే కాబట్టి నోరు మూసుకున్నాను.

మే 30
ఇల్లే. నా మంచం, నా దీపం. తలుపు తోసుకుని ఎవరు పడితే వాళ్లు రారు. మా ఆయన యోస్ట్, హాస్పిటలే నయం కదా అని నసిగాడు. కంటున్నది ఎవరు అన్నాను.

జూన్ 17
మిడ్‌వైఫ్ తినెకె ఇల్లు చూడటానికి వచ్చింది. ఆమ్‌స్టర్‌డామ్‌లో, ఇలాంటి ఇరుకు నిటారు మెట్ల మధ్యే పుట్టిన మనిషి, అయినా మా మెట్లెక్కి రొప్పుతూ కూలబడింది. ఇక్కడ స్ట్రెచర్ తిరగదు తల్లీ, ఏదైనా అయితే వీధి కిటికీలోంచే దించాలి, ఫైర్ వాళ్లు నిచ్చెన బండి తెస్తారు, మీ బీరువాని తాళ్లు కట్టి పైకి లాగిన దారే నీకూనూ అంది. ముగ్గురం నవ్వుకున్నాం. కిటికీ రెక్కలు రెండూ బార్లా తీసి చూసుకుని, బాగుంది అంది. తన నడుం విరగకుండా మంచం కింద ఎత్తు దిమ్మలు పెట్టించమంది.

ఆగస్టు 9
ట్రామ్ మోతకు నాకు నిద్ర కరువైంది. యోస్ట్ తనే పూనుకుని వీధి కిటికీ మార్పించాడు. మందపాటి అద్దం, మొత్తం ఒకటే పలక, పైన గాలికి చిన్న సందు. ఎంత నిశ్శబ్దమో! మెడ చుట్టూ చేతులేసి ముద్దు పెట్టాను.

సెప్టెంబర్ 19, మధ్యాహ్నం
నొప్పులు మొదలు. తినెకె బయల్దేరింది. కాస్త సూప్ తాగాను.

సెప్టెంబర్ 21, హాస్పిటల్
రాయకపోతే ఊపిరాడేలా లేదు.

ఉమ్మనీరు పోయింది. దాంతోపాటు పాప తల కంటే ముందే బొడ్డుతాడు కిందికి జారింది. తాడు నలగకుండా తినెకె చెయ్యి లోపల పెట్టి పాప తలను పైకి నెట్టి పట్టుకుంది. నన్ను మోకాళ్ల మీద, తల కిందికి వంచి ఉంచింది. నడవడానికి లేదు, కుర్చీలో కూర్చోబెట్టి దించడానికీ లేదు. కిటికీ తియ్యి అని యోస్ట్ మీద అరిచింది. ఇది తెరుచుకోదు అన్నాడు. ఎప్పుడు మార్చారు, నాకెందుకు చెప్పలేదు అంది, చెయ్యి తియ్యకుండానే. ఎందుకు చెప్పలేదో మాకూ తెలియదు. తోచలేదు, అంతే.

నిచ్చెన మీద మనుషులు వచ్చేశారు. మాకూ వాళ్లకూ మధ్య అద్దం. సుత్తితో కొడితే తెల్లగా పగుళ్లిచ్చింది గానీ ఊడలేదు. చుట్టూ కోయాల్సి వచ్చింది. తినెకె వేళ్ల కింద తాడు కొట్టుకోవడం తగ్గిపోయిందని ఆమె నాకు చెప్పలేదు. ఏడవడం మొదలుపెట్టింది. అలా తెలిసింది.

దించి ఇక్కడికి తెచ్చాక, ఇంకా గుండె చప్పుడు కాస్త వినపడుతోందని కడుపు కోసి తీశారు. ఆడపిల్ల. ఏడవలేదు.

యోస్ట్ ఆ అద్దం గురించే మాట్లాడుతున్నాడు, ఎంతకీ ఆపడు. తిట్టాలని ఉంది. కానీ ముద్దు పెట్టింది నేను, ఇల్లే అన్నదీ నేను. అత్తగారు వచ్చి గోడవైపు చూస్తూ కూర్చుని వెళ్లింది.

సెప్టెంబర్ 23
ఖననం దాకా పాప ఎక్కడుండాలి, ఇక్కడా, ఇంట్లోనా అని నర్సు అడిగింది. ఇంట్లో అన్నాను.

ఇంటికి తెచ్చి, ఉయ్యాలలో ఒళ్లు పాడవకుండా చల్లగా ఉంచే పరుపు వేసి పడుకోబెట్టారు.

నాకు పాలు పడ్డాయి.