పంపరపనస తొక్కలకు వచ్చిన రంగు

ప్రియమైన మా ఇంటాయనకు,

ఇక్కడ అమ్మాయికి ఏడో నెల. ఏం తిన్నా కడుపులో నిలవడం లేదు. తీపిలో కాస్త చేదు తగిలేదేదైనా కావాలంటోంది. అందుకే పంపరపనస తొక్కలు పాకం పడుతున్నాను. మూడు నీళ్ళు మార్చి ఉడికించి చేదు తీశాను. రోజూ పాకం ఒక పొంగు రానిచ్చి, తొక్కలు అందులోనే ఉంచేస్తున్నాను. మీరు తోమి పంపిన రాగి గిన్నె లోపల ఎర్రగా అద్దంలా ఉంది. నాన్న ఇంటిపని చేశాడని అమ్మాయి ఒకటే నవ్వు. మూడు రోజులకే తొక్కలకు చిలకపచ్చ రంగు వచ్చింది. ఇన్నేళ్ళలో ఇంత రంగు ఎప్పుడూ చూడలేదు. రేపు ఆరబెట్టి దానికి పెడతాను.

మీ ఇంటిది

ప్రియమైన నా ఇల్లాలికి,

పెట్టకు. ఒక్క ముక్క కూడా పెట్టకు. నా పనితనం చాటుకుందామని వీధి చివర కళాయి పోసే ఆయనకు నీ ఉత్తరం చదివి వినిపించాను. చేతిలో పని ఆపేశాడు. "అయ్యగారూ, మీరు గీకింది మురికి కాదు, కళాయి, తగరం పూత. అది పోయాక పులుపు నిలవుంచితే రాగి విషం దిగుతుంది. ఆ పచ్చదనం అదే" అన్నాడు.

లోపల తెల్లటి పూత చూడగానే నాకు బైబిల్లో పైకి తెల్లగా, లోపల కుళ్ళుతో ఉండే సున్నం కొట్టిన సమాధుల వాక్యమే గుర్తొచ్చింది. చాకుతో గీకి, ఇటుకపొడితో రెండు రోజులు రుద్దాను. తెలివిలేని ఆసక్తి కీడని ప్రసంగాల్లో పదిమందికి బోధించిన నోరే ఇది.

నీ ఉత్తరం చేరడానికి మూడు రోజులు పట్టింది. నువ్వు రాసిన "రేపు" దాటిపోయింది. ఇది బస్సు డ్రైవరు చేతికిచ్చి, ప్రార్థనకు మోకరిస్తాను.

నీ భర్త

ప్రియమైన మీకు,

అమ్మాయి క్షేమం. ముందు ఊపిరి పీల్చుకోండి. కడుపుతో ఉన్నవాళ్ళకు పెట్టేముందు వండినవాళ్ళు తిని, ఒక పూట ఆగి చూడాలనేది మా అమ్మ పద్ధతి. నాలుగు ముక్కలు తిన్నాను. నోట్లో నాణెం పెట్టుకున్నట్టు ఉంది. సాయంత్రానికి పేగులు నోట్లోకొచ్చాయి. రెండు రోజులు ఆస్పత్రి. ఇప్పుడు గంజి నిలుస్తోంది.

"గిన్నెనైనా మనిషినైనా చర్మం ఊడేదాకా వదలడు నాన్న" అంది అమ్మాయి. ఈసారి నవ్వలేదు. తొక్కలు గొయ్యి తీసి పూడ్చింది.

ఉత్తరం తెచ్చిన బస్సులో మీరే రావచ్చు కదా. ఎందుకు రాలేదు?

మీ ఇంటిది

ప్రియమైన నా ప్రాణమా,

నువ్వు బతికావు. అయినా స్తోత్రమనడానికి నోరు రావడం లేదు. మొన్నటి ఉత్తరంలో నీ దగ్గర ఒకటి దాచాను. ఆ గిన్నె పంపేముందు ఆదివారం ప్రార్థన కూటంలో పైకెత్తి చూపించాను. ఇళ్ళకు వెళ్ళి గిన్నెల్లో తెల్లపూత గీకిపారేయండని గొంతు చించుకున్నాను. ముప్పై ఇళ్ళవాళ్ళు ఆమెన్ అన్నారు.

కళాయి ఆయనతో గడప గడపా ఎక్కుతున్నాను. ముందు గిన్నె చూపించమంటున్నాను, తప్పు నాదంటున్నాను. "బద్ధకమేసి ముట్టుకోలేదు అయ్యగారూ, క్షమించండి" అంది ఒక ముసలావిడ. ఆ బద్ధకానికి చేతులెత్తి దండం పెట్టాను.

ఇరవై తొమ్మిది ఇళ్ళు చూశాం. పద్నాలుగింట గీకేశారు. దేవుడి దయవల్ల ఎవరికీ ఏమీ కాలేదు. ముప్పయ్యో ఇంటికి తాళం. పొద్దున్నే పిల్లల్ని ఎత్తుకుని పరుగెత్తారని పక్కింటివాళ్ళన్నారు. ఎటో తెలియదట.

ఆ గడప మీదే కూర్చుని ఇది రాస్తున్నాను. ఆ పిల్లల ముఖాలు చూసేదాకా నీ ముఖం చూడలేను.

నీ భర్త