బాపు చేసిన గుంతలు

ఆదివారం రాత్రి, పోచంపల్లి

ఇవాళ ఇటలీవాళ్ల ఫొకాచియా రొట్టె పిండి బాగా పొంగింది. పక్షవాతం వచ్చినప్పటి నుంచి బాపు కుడిచేతికి కసరత్తు చేయమంటే కసురుకుంటున్నాడు. అందుకే ఓవెన్‌లో పెట్టేముందు, నూనె రాసిన పిండిని ఆయన ముందుంచాను.

"బాపూ, దీన్ల వేళ్లతోని గుంతలు పెట్టాలె. జర సాయం చెయ్యవా?"

ఎడమచెయ్యి చాచాడు.

"గా చెయ్యి కాదు."

నన్నోసారి చూసి, కుడిచేతిని మెల్లగా ఎత్తాడు. చూపుడువేలు పిండిలోకి దిగింది. తర్వాత ఇంకోటి.

ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి వేసి కాల్చిన రొట్టెను ముగ్గురం వేడివేడిగా తిన్నాం. బాగుందని అమ్మ అంటే, "నేను చేసిన గద!" అన్నాడు బాపు.

మళ్లీ మగ్గం మీద కూర్చుంటాడో లేదో... కానీ పడుకోబోతూ, "బిడ్డా, రేపు గూడ పిండి కలుపుతవా?" అని అడిగాడు.

డబ్బాలో మైదా అయిపోయింది. పొద్దున్నే తేవాలి.