కొత్త పంపు, పాత పైపు

అక్కా, లేవగానే కారు జోలికి వెళ్లకు. బ్యాటరీ తీగ విప్పేశాను, మళ్లీ తగిలించకు. షెడ్డు తలుపులు బార్లా తెరిచే ఉంచు. వంటిల్లు షెడ్డుకి ఆనుకునే ఉంది కదా, పొయ్యి వెలిగించకు. టీ బయట తాగండి.

నీ రేసు కారుకి పెద్ద పెట్రోలు పంపు వేశాను గానీ, దాని ఒత్తిడికి తట్టుకునే పైపులు అన్నిచోట్లా వెయ్యలేదు. ట్యాంకు కిందికి దించడానికి బద్ధకమేసి, దాని వెనకున్న పాత రబ్బరు పైపునే క్లిప్పు బిగించి వదిలేశాను. నీ దగ్గర మాత్రం అన్నీ మార్చేశానని కోతలు కోశాను. నిన్న నువ్వు "పెట్రోలు కంపు కొడుతోందిరా" అంటే, "నీ ముక్కుకి అన్నీ కంపే" అని ఎగిరాను. నాకేమో జలుబు, ముక్కు మూసుకుపోయి ఏ వాసనా తెలియడం లేదు. ఇప్పుడు చూస్తే కారు కింద నేలంతా తడిగా ఉంది. పైపు చీలింది. స్టీలు అల్లిక పైపు కోసం కొట్టుకి వెళ్తున్నాను. రేపు నీ రేసు పోతే నన్ను నోరారా తిట్టు.

ఇంకో మాట. నిన్న నువ్వలా అని బజారుకి వెళ్లాక, మీ పాపని ముందు సీట్లో కూర్చోబెట్టుకుని, ఇంజిన్ గుర్రుమనిపించి నవ్వించాను. బావకి నువ్వేం చెప్పకు. నేనే చెప్తాను.